వాసన గుడ్డ

ఇప్పుడు తీద్దామా, ఇంకాసేపు ఆగి తీద్దామా అనుకుంటూ అతను పడగ్గది తలుపుకు వీపానించి హాల్లో నేల మీద కూర్చున్నాడు. తలుపు అవతల గంజి ఉంది. ఇవతల, కిటికీ పక్కనున్న కుర్చీలో దొరసాని, ఆ కుర్చీ కింద మేస్త్రీ. గంజి తెల్లటి పిల్లికూన, తల్లిపాలు మాని ఎన్నాళ్లో కాలేదు. తక్కినవి రెండూ పళ్లు అరిగిన ముసలి పిల్లులు, ఈ ఇంటికి అతనికన్నా తర్వాత వచ్చి కూడా అతనికన్నా ముందే హక్కులు రాయించుకున్నవి. తలుపు కింద సందులోంచి ఒక తెల్లటి పంజా బయటికొచ్చి అతని చొక్కా అంచు పట్టుకుని లాగుతోంది. ఉండవే, అన్నాడు నోట్లోనే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, దీనికి అన్నీ తొందరే. మెట్ల కింద లాండ్రీ దుకాణంలో భార్య ఒక్కతే ఉంది, ఆవిరి ఇస్త్రీపెట్టె బుసకొడుతోంది, ఆ బుస విన్నప్పుడల్లా దొరసానేమోనని అతని గుండె ఒకసారి ఆగి మళ్లీ కొట్టుకుంటోంది. ఇన్నేళ్లు ఆ చప్పుడు మధ్యే బతికినవాడికి ఇవాళ ఇస్త్రీపెట్టెకూ పిల్లికీ తేడా తెలియకుండా పోయింది.

పొద్దున ఆమె అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. "ఇవాళ తేలిపోవాలండీ. దొరసాని నిన్నంతా గిన్నెలో మూతి పెట్టలేదు. దానికి పడదనుకుంటే సాయంత్రం గంజిని డాక్టరమ్మ దగ్గర దింపేసి రండి. ఆవిడెవర్నో చూసిపెట్టారుగా, పెంచుకునేవాళ్లని." డాక్టరమ్మ అంటే వీధి చివర పశువుల డాక్టరు. ఆమె గొంతులో కోపం లేదు, అదే వచ్చిన చిక్కు. కోపమైతే ఏదో ఒకటి చెప్పి సర్దుకోవచ్చు. ఆమె తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "అవి నాన్న పిల్లులు కదండీ" అంది. ఈ ఇంట్లో నాన్నది కానిది ఏముంది గనక. ఇస్త్రీ బల్ల నాన్నది, గోడకున్న గడియారం నాన్నది, తను పడుకునే మంచం నాన్న కొన్నది. తను మాత్రం? ఇల్లరికపు అల్లుడు, ఆ లెక్కన తనూ నాన్న తెచ్చుకున్న సరుకే. ఒక పెట్టె, దాంట్లో రెండు జతల బట్టలు, ఇంతే పట్టుకుని ఆ మెట్లెక్కాడు. ఆ తర్వాత ఈ ఇంట్లోకి తన చేత్తో తను తెచ్చింది ఏదన్నా ఉందా అని వెతికితే ఒక గొడుగు కనిపిస్తుంది, అది కూడా బస్సులో వదిలేసి వచ్చాడు. మళ్లీ ఇన్నేళ్లకు గంజి. ఇది ఉంటే తనకంటూ ఒకటి ఈ ఇంట్లో ఉన్నట్టు, ఇది పోతే తను ఇంకా ఆ పెట్టె పట్టుకుని మెట్ల మీదే నిలబడి ఉన్నట్టు. పైకి అంటే నవ్వుతారు. జుట్టు నెరిసినవాడు పిడికెడంత పిల్లికూన కోసం ఇంతలా గింజుకోవడమేమిటి అంటారు. అందుకే ఆమెతో కూడా అనలేదు, మింగలేక కక్కలేక ఇలా తలుపుకు కాపలా కూర్చున్నాడు.

అయినా దాన్ని తను తెచ్చాడనడం కూడా పూర్తి నిజం కాదు, అదే వచ్చింది. హోటలు వాళ్ల మేజాగుడ్డల మూటలో వచ్చింది. ఆమె మూట విప్పి మిషన్లో వేయబోతుంటే మూట మూలిగింది. ఆమె వెనక్కి గెంతింది, అతను చెయ్యి పెట్టి చూశాడు, కూర మరకల మధ్య వెచ్చగా ఏదో తగిలింది. బయటికి తీసి బల్ల మీద పెడితే నాలుగు కాళ్లూ బిగదీసుకుని, తోక నిలబెట్టి, కదలక మెదలక నిలబడింది. "గంజి పెట్టి ఆరేసినట్టుంది" అని ఆమె నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్ని నెలలయిందో, నాన్న పోయాక అదే మొదటి నవ్వేమో, ఆ నవ్వు చూసే అతను దాన్ని జేబులో వేసుకున్నాడు. పేరు కూడా ఆమె నోటి నుంచి ఊడిపడిందే. హోటలు వంటాయన వచ్చినప్పుడు, "మీ మూటలో వచ్చింది, తీసుకెళ్తారా" అని అడిగితే, ఆయన గుడ్డలన్నీ తిరగేసి తిరగేసి చూసుకుని, "మేం ఇచ్చినవి సరిపోయాయి, ఇది మాది కాదు" అన్నాడు. పైగా మేజాగుడ్డల మీద వెంట్రుకలున్నాయని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆ మనిషి అంతే, మూడేళ్ల కిందట పోయిన జేబురుమాలు గురించి ఇప్పటికీ అడుగుతాడు.

పంజా లోపలికి పోయింది. ఇప్పుడు చప్పుడు లేదు. మంచం ఎక్కిందా, దుప్పటి కొరుకుతోందా. దొరసాని మాత్రం కళ్లు చీలికలు చేసుకుని తలుపు వంకే చూస్తోంది. డాక్టరమ్మ ఎంత విడమరిచి చెప్పిందో. వెంటనే ఎదురెదురు పెట్టకండి, ముందు వాసనలు కలవాలి అంది. పిల్లులు ముక్కుతో చుట్టరికం కలుపుకుంటాయట. ఒక గుడ్డతో కూన ఒళ్లు తుడిచి పెద్దవాటి గిన్నె కింద పరవండి, ఇంకో గుడ్డతో పెద్దవాటి బుగ్గలు తుడిచి కూన బుట్టలో వేయండి, రోజూ ఇలాగే చేయండి, ఆ వాసన పక్కన తిండి తినడం అలవాటయ్యాక అప్పుడు తలుపు తీయండి అంది. ఇద్దరూ బుద్ధిగా తలూపి వచ్చారు. అలాగే చేశారు. మొదటి రోజు దొరసాని ఆ గుడ్డ చూసి పళ్లు బయటపెట్టింది, మేస్త్రీ గిన్నె దగ్గరికే రాలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఇద్దరూ గుడ్డ మీద గిన్నె పెట్టుకుని లొట్టలేసుకుంటూ తింటున్నారు. ఆ మర్నాడూ అంతే. అతను పొంగిపోయాడు. దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు, మా పిల్లులు బంగారం, ఒక్క రోజులో కలిసిపోయాయి అని. చివరికి ఆ గుడ్డ చేతికి తగిలింది. మెత్తగా ఉంది. మడత ఉంది, నాలుగు మూలలూ కత్తిలా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు, కాస్త నీలిమందు. కిందికి వెళ్లి అడిగితే ఆమె తెల్లబోయింది. "వెంట్రుకలుంటే ఉతికి పెట్టానండీ. రోజూ ఉతుకుతున్నాను. ఎందుకలా చూస్తారు" అంది, ఆ తర్వాత నోటి మీద చెయ్యేసుకుంది.

అతను ఆ రోజు ఆమెను ఒక మాట అన్నాడు, డాక్టరమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా వినలేదేమిటి అని. ఆ కోపంతోనే విసవిసా పైకొచ్చి, గంజి బుట్టలోంచి రెండో గుడ్డ తీసి, ఇదన్నా సరిగ్గా ఉందా అని చూస్తే మురిగ్గా ఉంది, ఆ మురికి చూడలేక తీసుకెళ్లి పంపు కింద పెట్టాడు. సగం ఉతికాక గుర్తొచ్చింది. తల తిప్పి చూస్తే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. మన చేతులు మన మాట వినవండీ, అంది కాసేపటికి. నిజమే. ఇంకొకళ్ల ఇంట్లో ఇలా జరుగుతుందా. వాసన ఉన్న గుడ్డ తెల్లారేదాకా ఉండకూడదన్నది ఈ ఇంట్లో వేదవాక్కు. మామయ్య పెట్టింది. ఆయన పెళ్లివారి పట్టుబట్టల దగ్గర్నుంచి ఇంట్లో పొయ్యిగుడ్డ దాకా అన్నింటికీ ఒకటే న్యాయం చెప్పేవాడు.

మామయ్య. ఆయనకు పెద్దగా మాటలుండేవి కావు. చూద్దాం అనేవాడు, అన్నింటికీ అదే. కొత్త మిషను కొందామా మామయ్యా అంటే చూద్దాం. మీ ఇస్త్రీ మడతకన్నా నా మడత బాగా వస్తోంది కదూ అని ఒకసారి తను ధైర్యం చేసి నవ్వుతూ అడిగితే, ఆ చొక్కా అటూ ఇటూ తిప్పి, చూద్దాం అన్నాడు. ఆ చూడడం ఎప్పుడు పూర్తవుతుందా అని తను ఇన్నేళ్లూ ఎదురుచూశాడు. ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, ఇన్నేళ్లయినా ఆయన దుకాణాన్ని మాది అన్నాడే గాని తనతో మాట్లాడేటప్పుడు మనది అన్న గుర్తు లేదు. చెడ్డవాడు కాదు, అయ్యో, ఆ మాటంటే కళ్లు పోతాయి. తనకు జ్వరం వస్తే రాత్రంతా తన వంతు ఇస్త్రీ కూడా చేసి, పొద్దున ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతూ కూర్చునేవాడు. తనకు మాత్రం ఒక్క మాట చాలేది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక డాక్టర్లు తగ్గిపోతుందని చెబితే, వంకరపోయిన మూతితోనే చూద్దాం అన్నాడు. ఆ చలికాలంలోనే పోయాడు. తను వాళ్లకూ వీళ్లకూ కబురు చేస్తూ, ఆమెను పట్టుకుంటూ, దుకాణంలో జనం బట్టలు జనానికి అప్పజెబుతూ తిరిగాడు. ఏడవడానికి తీరిక దొరకలేదు, తీరిక దొరికాక ఏడ్చే హక్కు తనకెంతుందో తెలియలేదు. కన్నకూతురు పక్కన ఉండగా ఇల్లరికపు అల్లుడు గుండెలు బాదుకుంటే ఏం బాగుంటుంది.

దొరసాని మాత్రం మెట్ల మీద కూర్చుని ఆయన కోసం చాలా రోజులు చూసింది. ఆ తర్వాత కుర్చీ ఎక్కింది. కుర్చీలో ఆయన బూడిదరంగు స్వెట్టరు ఉంది, మోచేతుల దగ్గర అతుకులేసినది, ఆయన విప్పి పడేసింది పడేసినట్టే. దాని మీద ముడుచుకుని పడుకుంది. ఈ ఇంట్లో ఉతకని బట్ట అదొక్కటే. ఆమె కిటికీ పరదాలు ఉతికింది, దిండ్లు విప్పి దూది కూడా ఎండబెట్టింది, ఆ స్వెట్టరు జోలికి మాత్రం పోలేదు. పొద్దున్నే లేచి వెళ్లి దాని మీదికి వంగడం అతను ఒకటి రెండుసార్లు చూశాడు, చూసి చూడనట్టు పక్కకు తప్పుకున్నాడు. నాన్న వాసన కోసం. అది అడగాల్సిన సంగతి కాదు. అప్పట్నుంచి కుర్చీ దులిపినా స్వెట్టరుకు చీపురు తగలనివ్వడు, వానజల్లు వస్తే ముందు ఆ కిటికీయే మూస్తాడు.

నిన్న ఉతకని గుడ్డ పెడితే దొరసాని తిండే మానేసింది, ఇక లాభం లేదు. ఊరికే కూర్చుంటే పిల్లి మెడలో గంట ఎవరు కడతారు. డాక్టరమ్మ చెప్పినట్టు రెండు గిన్నెల్లో చేపముక్కలు పెట్టి, ఒకటి కుర్చీకి దగ్గరగా, ఒకటి తలుపుకు దగ్గరగా జరిపాడు. లేచి తలుపు తీశాడు. గంజి రాలేదు. మంచం మధ్యలో కూర్చుని, ఇంతసేపూ పంజా పెట్టి పిలిచింది తను కానట్టు, మూతి తుడుచుకుంటోంది. సరే, నీకు వీలున్నప్పుడే రా తల్లీ అని అతను గోడ వారకు జరిగాడు. అప్పుడొచ్చింది. గడప దగ్గర ఆగి ఇల్లంతా ఒకసారి కలియజూసి, తోక నిలబెట్టి, గిన్నె వంక కూడా చూడకుండా తిన్నగా నడిచింది. కుర్చీ కింద నుంచి మేస్త్రీ బయటికొచ్చింది. పేరుకే మేస్త్రీ, ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన కూర్చుని చూడడం తప్ప ఎన్నడూ ఒక ఎలుకను పట్టింది లేదు. గంజి ముక్కు దగ్గర ముక్కు పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, వెళ్లి గంజి గిన్నెలోని చేపముక్క తినడం మొదలుపెట్టింది. అతనికి నవ్వొచ్చింది. ఒకటి తేలింది, బతికాం అనుకున్నాడు. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే గంజి వెనక్కాళ్ల మీద లేచి, కుర్చీ అంచు పట్టుకుని, పైకి ఎగబాకింది. స్వెట్టరు మీదికి.

దొరసాని లేచింది. ఒళ్లంతా రెండింతలయింది. అతను వెళ్లాలా వద్దా అని సగం లేచి ఆగిపోయాడు, మధ్యలోకి దూరకండి అని డాక్టరమ్మ చెప్పింది, దూరకపోతే దీని కళ్లు పోతాయేమో. దొరసాని ఒక్కటే దెబ్బ వేసింది, గోళ్లు బయటికి తీయలేదు, చప్పుడు మాత్రం హాలంతా వినిపించింది. గంజి పారిపోలేదు. నాలుగు కాళ్లూ బిగదీసుకుని ఆ స్వెట్టరు మధ్యలో నిలబడింది, అలా నిలబడే, భయానికి, ఒంటికి పోసేసింది. ఉన్ని మీద నల్లటి తడి నెమ్మదిగా పెద్దదవుతూ అతనికి కనిపిస్తూనే ఉంది. అయిపోయింది అనుకున్నాడు. ఇక దొరసాని ఒప్పుకున్నా ఒకటే, ఒప్పుకోకపోయినా ఒకటే. వెళ్లి గంజిని ఒక పక్కకు నెట్టి స్వెట్టరు చేతుల్లోకి తీసుకున్నాడు. చన్నీళ్లు, కాస్త వంటసోడా, వేణ్నీళ్లు మాత్రం తగలకూడదు, పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కాలి, ఎవరో చెబుతున్నట్టు మనసులో ఒకటొకటే వస్తున్నాయి, ఎలా ఉతకాలో తెలుసు, ఎలా ఉతికితే ఆయన పోకుండా ఉంటాడో మాత్రం తెలియదు. ఇన్నేళ్ల పనితనం ఒక్క వాసన మిగల్చడానికి పనికిరాలేదు. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. చిన్నపిల్లాడిలా స్వెట్టరు వెనక్కి దాచుకున్నాడు.

"ఏదో పడ్డ చప్పుడయింది. ఏమయిందండీ" అంటూ ఆమె వచ్చి ముందు పిల్లుల్ని వెతుక్కుంది, తర్వాత అతని ముఖం చూసింది, తర్వాత ఖాళీగా ఉన్న కుర్చీ. చెయ్యి చాపింది. అతను ఇచ్చాడు.

"నేను ఉతుకుతాను. చన్నీళ్లలో, తడిసిన చోటు వరకే, మిగతాది తడవకుండా. గంజిని ఇప్పుడే తీసుకెళ్లి దింపేసి వస్తాను, సాయంత్రం దాకా ఎందుకు" అన్నాడు.

ఆమె స్వెట్టరు విప్పి చూసి, తడవని వైపు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ తర్వాత మెల్లిగా కుర్చీ చేతి మీద వేసింది. "ఇందులో నాన్న లేడండీ. ఎండాకాలంలోనే పోయాడు. రోజూ వచ్చి చూసుకునేదాన్ని. ముందు మెడ దగ్గర ఉండేవాడు, తర్వాత చంకల దగ్గర, తర్వాత ఎక్కడా లేడు. అంతా ఈ దొరసానే."

"మరి ఉతకలేదేం?"

"మీకోసమే. కుర్చీ దులిపితే దానికి చీపురు తగలనివ్వరు, వానొస్తే పరుగెత్తుకొచ్చి కిటికీ మూస్తారు. మీకు నాన్న దాంట్లో ఉన్నాడేమో, నేనెందుకు తీసేయాలి అనుకున్నాను."

నేనూ నీకోసమే అనాలనుకున్నాడు, అనక్కర్లేకుండానే ఆమెకు అర్థమయినట్టుంది, కళ్లలో నీళ్లతోనే నవ్వింది. ఆ తర్వాత దగ్గరికొచ్చి, ఇస్త్రీకొచ్చిన చొక్కాను పట్టుకున్నట్టే అతని కాలరు పట్టుకుని, వంగి వాసన చూసింది. "నాన్న కావాలంటే ఇదిగో, ఇక్కడున్నాడు. ఆ సబ్బూ, ఆవిరీ, ఆ మాడిన గుడ్డ వాసనా, ఈ చెమటా. మీరు దుకాణం కట్టేసి పైకొస్తారే, మెట్ల మలుపు దగ్గరికి రాగానే నాన్న వచ్చాడనుకుంటాను. రోజూ అంతే. ఆ తర్వాత మీరు కనిపిస్తారు."

"కనిపిస్తే?"

"కనిపిస్తే ఏముంది, అన్నం వడ్డిస్తాను."

కుర్చీలో ఏదో కదిలితే ఇద్దరూ అటు చూశారు. స్వెట్టరు తీసేసిన ఆ వట్టి కుర్చీలో దొరసాని మళ్లీ కూర్చుని ఉంది. దాని ముందు కాళ్ల మధ్య గంజి ఇరుక్కుని ఉంది, తప్పించుకోవడానికి చూస్తోంది, దొరసాని దాని మెడ మీద ఒక కాలు వేసి అదిమిపట్టి, తడిసిన వెనక కాళ్లను గరగర నాకుతోంది. ఏమాత్రం ముద్దు లేదు దాంట్లో, మురికి చూసి ఓర్చుకోలేనివాళ్ల చిరాకే అంతా. మధ్యలో ఆగి ఒకసారి ముక్కు చిట్లించి, మళ్లీ మొదలుపెట్టింది. "ఉతికేస్తోంది" అంది ఆమె. "ఈ ఇంట్లో పెరిగిన పిల్లే గదా, ఇంకేం చేస్తుంది." కింద దుకాణంలో ఎవరో బల్ల మీద తట్టి పిలిచారు. ఆమె కళ్లు తుడుచుకుని మెట్ల దాకా వెళ్లి, అక్కణ్నుంచే అంది, "డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పండి, ఆ వచ్చేవాళ్లను రావద్దనమని. ఆ స్వెట్టరు మీరే ఉతకండి, నావల్ల కాదు."

అతను ఫోన్ చేశాడు. డాక్టరమ్మ ఏదో అడిగింది, అతను ఏదో చెప్పాడు. స్నానాలగదిలో బకెట్టు పెట్టి చన్నీళ్లు పట్టి, వంటసోడా కలిపి, స్వెట్టరు ముంచాడు. ఉన్ని నీళ్లు పీల్చుకుని బరువెక్కి కిందికి దిగింది, బూడిదరంగు కాస్తా నల్లబడింది. రెండు చేతులూ నీళ్లలోనే ఉంచి, తల పక్కకు వంచి, తన చొక్కా కాలరు తనే వాసన చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. తన వాసన తనకేం తెలుస్తుంది. అయినా ఇంకోసారి చూసుకున్నాడు, గట్టిగా, గుండెల నిండా. అప్పుడు ఏడుపొచ్చింది. మామయ్య పోయాక అతను ఏడవడం అదే మొదలు. చేతులు తడిగా ఉన్నాయి గనక కళ్లు తుడుచుకోవడానికి వీల్లేక అలాగే ఏడుస్తూ స్వెట్టరు ఉతికాడు.